మిద్దె మీదికి తేలికైన సిమెంటు తొట్టి: ఎలా చేయాలి, అందులో మొక్కను ఎలా బతికించాలి

మా మిద్దె ఎక్కినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఈ రాతి తొట్లు పైకి ఎట్లా మోసుకొచ్చారు?" అవి రాళ్లు కావు, ఖాళీ తొట్టిని ఒక్క మనిషి ఎత్తుకుని మెట్లెక్కొచ్చు అంటే నమ్మరు. ఎత్తి చూశాక రెండో ప్రశ్న వస్తుంది: "మేమూ చేసుకోవచ్చా?" తప్పకుండా చేసుకోవచ్చు. ఈ మాట ఇప్పటికి చాలామందికి నోటితోనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోవడం, వాళ్లు సరిగ్గా అక్కడే దెబ్బతినడం జరుగుతోంది. తొట్టి బాగానే వస్తోంది, పెట్టిన నారు మాత్రం వారానికే మాడిపోతోంది. అందుకే ఈసారి మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

మాది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు. ఎండాకాలం మిద్దె మీద చెప్పుల్లేకుండా నడవలేం. ఇక్కడి ఎండకు ప్లాస్టిక్ టబ్బులు రెండు మూడేళ్లకే పెళుసెక్కి, అంచు పట్టుకుని ఎత్తితే ఊడి చేతికొస్తాయి. మట్టి కుండీలు మంచివే కానీ పెద్దవి బరువు, చిన్నవి మధ్యాహ్నానికే ఎండిపోతాయి. మామూలు కాంక్రీటు తొట్టిని పైకి ఎక్కించడమే పెద్ద పని. ఈ మూడింటికీ మధ్యలో పనికొచ్చేది ఈ తేలికపాటి తొట్టి.

దీనికి హైపర్‌టుఫా అని పేరు. ఇంగ్లండులో పాత రాతి తొట్లలో, అంటే మన కుడితి తొట్లలాంటి వాటిలో, కొండమొక్కలు పెంచేవాళ్లు. ఆ తొట్లు దొరకడం కష్టమయ్యాక సిమెంటులో పీట్ అనే నాచుమట్టి కలిపి అదే రూపం తెచ్చుకున్నారు. టుఫా అనేది బొరియలు బొరియలుగా ఉండే ఒక రకం సున్నపురాయి. ఆ రాయిని పోలింది కాబట్టి ఆ పేరు. మనకు పీట్ అవసరం లేదు, కోకోపీట్, అంటే కొబ్బరి పీచు నుంచి రాలే పొట్టు సరిపోతుంది.

ముందు మిద్దె సంగతి

ఇల్లు కట్టే లెక్కల్లో మనుషులు తిరిగే ఆర్‌సీసీ కప్పుకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు పడుతుందని తీసుకుంటారు. ఇది భారతీయ ప్రమాణం. నేను చెప్పబోయే తొట్టి ఖాళీగా 12 కిలోలకు కాస్త అటు ఇటు. తడిసిన మట్టితో, మొక్కతో కలిపి 25 కిలోల దాకా వస్తుంది. చదరపు మీటరుకు మూడు పెడితే 75 కిలోలు, మనం తిరగడానికీ చోటు మిగులుతుంది. దూలాల మీద, పిట్టగోడ వెంబడి పెడితే మరీ మంచిది.

తాడిపత్రి, బేతంచెర్ల, కడప వైపు పాత ఇళ్లలో నాపబండలు పరిచిన మిద్దెలు, మట్టిమిద్దెలు ఇంకా ఉన్నాయి. అలాంటి మిద్దె అయితే పైన ఒక్క తొట్టి కూడా పెట్టకండి. అరుగు మీదో, పెరట్లోనో పెట్టుకోండి. కప్పు ఇప్పటికే ఎక్కడైనా ఉరుస్తుంటే ముందు దాన్ని బాగు చేయించండి. తొట్ల పని ఆ తర్వాతే.

కావలసినవి

బయటి కొలత 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు ఉండే ఒక తొట్టికి:

- సిమెంటు: లీటరు మగ్గుతో 5 మగ్గులు (దాదాపు 7 కిలోలు)
- కోకోపీట్: ఏడున్నర మగ్గులు. 650 గ్రాముల ఇటుక ఒకటి నానబెడితే 8 లీటర్ల పైన వస్తుంది. మట్టిలో కలపడానికి కూడా కావాలి కాబట్టి రెండు కొనండి
- పెర్లైట్ (వేడికి ఉబ్బించిన తేలికైన తెల్లటి రాతి గుళ్లు, నర్సరీల్లో అమ్ముతారు): ఏడున్నర మగ్గులు. కిలో కొంటే సరిపోతుంది. బరువు ఉండదు గానీ మూట పెద్దదిగా కనిపిస్తుంది
- రెండు అట్టపెట్టెలు: ఒకదాని లోపలి కొలత 45 × 30, ఇంకోదాని బయటి కొలత 37 × 22 ఉండాలి
- కోళ్ల గూళ్లకు వాడే సన్న ఇనుప జాలీ, తొట్టి చుట్టూ తిరిగేంత
- ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్కలు మూడు, ఒక్కొక్కటి 4 సెంటీమీటర్లు
- పల్చటి ప్లాస్టిక్ షీటు, గోనెసంచులు రెండు, ఇనుప తీగల బ్రష్
- రబ్బరు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు

చివరి రెండింటినీ చిన్నచూపు చూడకండి. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. పని చేస్తున్నప్పుడు ఏమీ తెలియదు, రాత్రికి వేళ్ల సందులు మండుతాయి. పొడి సిమెంటు, పెర్లైట్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పెర్లైట్ మీద ముందే కాసిని నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు.

సిమెంటు కొనేటప్పుడు మూట మీద వేసిన తయారీ వారం, ఏడాది చూడండి. మూడు నెలలు దాటిన సిమెంటుకు బలం తగ్గుతుంది. పక్కింట్లో పని అయిపోయి మిగిలిన సగం మూట ఊరికే ఇస్తామన్నా, చేయి పెట్టి చూడండి. వేళ్ల మధ్య నలిపితే పొడి కాని గడ్డలుంటే ఆ సిమెంటు వద్దు.

కోకోపీట్ బదులు ఇంకేమైనా వేయొచ్చా అని అందరూ అడుగుతారు. మాది చెనక్కాయల జిల్లా, నాకూ అదే ఆశ పుట్టింది. ఊరికే దొరికే చెనక్కాయ పొట్టు దంచి, జల్లించి, ఒక తొట్టి పోశాను. మూడు రోజుల తర్వాత కూడా గోరుతో గీస్తే అటుకుల్లా రాలిపోయింది. పొట్టులో, రంపపు పొట్టులో, పచ్చి ఊకలో ఉండే చక్కెరలు సిమెంటును గట్టిపడనివ్వవు. ఇంకొకాయన పాతకాలం గోడల సున్నంలో బెల్లం కలిపేవారు కదా అని సిమెంటులో బెల్లం నీళ్లు పోశాడు. సున్నం వేరు, సిమెంటు వేరు. సిమెంటులో బెల్లం పడితే అది గట్టిపడడమే కష్టం. చెనక్కాయ పొట్టుకు ఇందులో వేరే చోట పనుంది, తర్వాత చెప్తాను.

పెర్లైట్ దొరకకపోతే థర్మాకోల్ పూసలు వేసేవాళ్లున్నారు. తొట్టి ఇంకా తేలికవుతుంది, నిజమే. కానీ అంచులు అరిగే కొద్దీ ఆ పూసలు మట్టిలో, కాలువలో, చివరికి కాకి నోట్లో పడతాయి. నేను వాడను. వర్మిక్యులైట్ (పెర్లైట్‌లాగే వేడికి ఉబ్బించిన ఇంకో తేలికైన ఖనిజం) వాడొచ్చు, తొట్టి కాస్త మెత్తన అవుతుంది.

చేసే పద్ధతి

ఈ పనికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలంలో చేయాల్సే వస్తే సాయంత్రం ఐదు దాటాక, నీడలో మొదలుపెట్టండి. ఆషాఢం గాలిలో ఆరుబయట అసలు వద్దు. ఎండ కంటే ఆ గాలే తడిని త్వరగా లాగేస్తుంది.

1. కోకోపీట్‌ను ముందురోజే నానబెట్టండి. విచ్చుకున్నాక రెండుసార్లు నీళ్లు మార్చి కడిగి, పిండి, ఆరబెట్టండి. అందులో ఉప్పు ఉంటుంది, అది పోవాలి. పొడవాటి పీచు, గడ్డలు తీసేయండి. కొద్దిగా చెమ్మ ఉన్నా ఫర్వాలేదు.

2. పెద్ద పెట్టె లోపల, చిన్న పెట్టె బయట ప్లాస్టిక్ షీటు అంటించండి. పెద్ద పెట్టె గోడలు బయటికి ఉబ్బకుండా చుట్టూ రెండు వరసలు తాడు కట్టి, పక్కన ఇటుకలు ఆనించండి. తడి సిమెంటు తోపుకు అట్ట ఎంత ఉబ్బుతుందో మొదటిసారి చూసేదాకా తెలియదు. ప్లాస్టిక్ ముడతలు పడితే ఆ ముడతలు తొట్టి మీద కూడా పడతాయి. అవి నాకు ఇష్టమే, రాయి నెర్రెల్లా కనిపిస్తాయి.

3. సిమెంటు, కోకోపీట్, పెర్లైట్ మూడింటినీ పొడిగానే బాండలిలో కలపండి. ఎక్కడా తెల్లగా, నల్లగా చారలు లేకుండా ఒకటే బూడిద రంగు రావాలి. పొడిగా సరిగా కలవనిది నీళ్లు పోశాక ఇంకెప్పటికీ కలవదు.

4. నీళ్లు రెండు మగ్గులతో మొదలుపెట్టి, తర్వాత కొద్దికొద్దిగా పోయండి. ఇన్ని అని ముందే చెప్పలేం, కోకోపీట్‌లో ఉన్న చెమ్మను బట్టి మారుతుంది. పరీక్ష చేతిలోనే ఉంది. గుప్పెడు తీసుకుని రాగి ముద్ద చేసినట్టు గట్టిగా ఒత్తండి. చేయి తెరిస్తే ముద్ద ముద్దగానే నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నాలుగైదు చుక్కలు మాత్రమే రావాలి. ముద్ద విరిగిపోతే నీళ్లు చాల్లేదు. నీళ్లు ధారగా కారితే ఎక్కువయ్యాయి, అప్పుడు అదే పాళ్లలో పొడి మిశ్రమం కాస్త కలపండి. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ఒత్తి చూడండి. కోకోపీట్ ఆలోపు ఇంకాస్త నీళ్లు తాగి ఉంటుంది.

   బేల్దారి పని తెలిసినవాళ్లే ఇక్కడ ఎక్కువ పొరపడతారు. వాళ్ల చేతికి ప్లాస్టరింగ్ మాలు అలవాటు, అంత పల్చన చేస్తారు. దీనికి అది పనికిరాదు. గోడలు జారిపోతాయి, ఆరాక బీటలిస్తాయి.

5. పెద్ద పెట్టె అడుగున పైపు ముక్కలు మూడూ నిలబెట్టండి. ఇవే నీళ్లు పోయే కంతలు. చుట్టూ 2 సెంటీమీటర్ల మందం మాలు పరిచి, పిడికిలితో గట్టిగా కూరండి. దాని మీద జాలీ ముక్క వేసి, మళ్లీ 2 సెంటీమీటర్లు పరవండి. పైపు పైఅంచు, అడుగు మట్టం సమానంగా ఉండాలి. పైపు లోపలికి దిగిపోతే కంత మూసుకుపోతుంది. పైకి పొడుచుకొస్తే దాని చుట్టూ నీళ్లు నిలుస్తాయి.

6. చిన్న పెట్టెను మధ్యలో పెట్టి, అది నలగకుండా లోపల ఇసుక నింపండి. నాలుగు వైపులా 4 సెంటీమీటర్ల సందు ఉందో లేదో స్కేలుతో చూడండి. ఒక పక్క 2, ఇంకో పక్క 6 వస్తే ఆ 2 ఉన్న పక్కే ఎప్పటికైనా విరుగుతుంది. సందులో జాలీ నిలబెట్టి, మాలు పిడికెడు పిడికెడుగా వేస్తూ కర్రతో కూరండి. తొందరపడి ఒకేసారి నింపితే మూలల్లో గాలి గుంటలు మిగులుతాయి. జాలీ ఎక్కడా బయటికి కనిపించకూడదు. కనిపిస్తే తుప్పు పట్టి ఆ చోటే చీలుస్తుంది.

7. మొత్తం ప్లాస్టిక్‌తో కప్పి, నీడలో, కదలకుండా ఒక పగలు ఒక రాత్రి ఉంచండి. చలికాలమైతే రెండు రోజులు. తీసే ముందు అంచు మీద గోరుతో నొక్కండి. గోరు దిగితే ఇంకా ఆగాలి. గోరు దిగకుండా సన్న గీత మాత్రమే పడితే ఇసుక తోడి, చిన్న పెట్టె లాగేసి, పెద్ద పెట్టె అట్ట చింపేయండి. తొట్టిని అంచు పట్టి ఎత్తకండి. ఇప్పుడది పచ్చిది. రెండు చేతులూ అడుగుకు పెట్టి తీయండి. పైపు ముక్కలను మెల్లగా తిప్పి ఊడదీయండి. రాకపోతే అలాగే ఉంచినా నష్టం లేదు.

8. రాయిలా కనిపించాలంటే ఇదే సమయం. ఇనుప బ్రష్‌తో అంచులు, మూలలు గుండ్రంగా గీకండి. పైన ఉన్న నున్నటి సిమెంటు పొర పోయి, లోపలి గరుకు బయటపడుతుంది. ఇంకో రోజు ఆగితే బ్రష్ పనిచేయదు.

9. ఇక తడి ఆరకుండా మూడు వారాలు. తడి గోనెసంచులు చుట్టి, పైన ప్లాస్టిక్ కప్పండి. ఉదయం, సాయంత్రం గోనె మీద నీళ్లు చల్లండి. సిమెంటు గట్టిపడేది ఎండి కాదు, తడిలో ఉండి. ఇంటి స్లాబుకు నీళ్లు కట్టి నిలిపే మనం, తొట్టిని మాత్రం మూడో రోజే ఎండలో పెట్టేస్తాం. మరుసటి ఏడాది మూలలు రాలుతున్నాయని నా దగ్గరికి వచ్చిన తొట్లలో ఎక్కువ భాగం ఇలా చేసినవే.

   మూడు వారాల తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో అడుగున గీసి చూడండి. తెల్లటి గీత పడి ఊరుకుంటే తొట్టి కుదిరినట్టు. పొడి కుప్పగా రాలితే కుదరలేదు, ఇంకో వారం తడిపినా బాగుపడకపోతే మిశ్రమంలోనే తప్పుంది. అలాంటి తొట్టిని పగలగొట్టి ఇంకో తొట్టి అడుగున పెంకులుగా వాడుకోండి.

సున్నం వదిలించడం

మొక్కలు చచ్చిపోయేది ఇక్కడ. సిమెంటు గట్టిపడేటప్పుడు సున్నం పుడుతుంది. కొత్త తొట్టిలో నీళ్లు పోస్తే ఆ నీళ్లలోకి సున్నం దిగుతుంది. అందులోనే నారు పెడితే వేళ్ల కొసలు మాడిపోతాయి. పైన ఆకులు వాడిపోతుంటే నీళ్లు చాల్లేదేమో అనుకుని ఇంకా పోస్తాం.

10. కంతలకు గుడ్డ పీలికలు కూరి, తొట్టి నిండా నీళ్లు పోసి ఒక రోజు ఉంచండి. మర్నాడు పారబోసి మళ్లీ పోయండి. ఇలా పది రోజులు. పారబోసే నీళ్లు మొక్కల మీద పోయొద్దు. వానాకాలమైతే కంతలు తెరిచి వానలోనే వదిలేయొచ్చు, కానీ మన వానలను నమ్ముకుంటే రెండు నెలలైనా పట్టొచ్చు. మధ్యలో ఒకసారి తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లతో లోపలి గోడలు రుద్దితే పైపైన ఉన్న సున్నం త్వరగా పోతుంది. లోపల ఉన్నదాన్ని మాత్రం నీళ్లే లాగాలి.

11. వదిలిందో లేదో తేల్చడానికి మీటరు కొనక్కర్లేదు. పెళ్లిలో దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎట్లా చేస్తారో గుర్తు తెచ్చుకోండి. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడతాయి. అదే పరీక్ష ఇది.

    చెంచాడు పసుపును రెండు చెంచాల చేతి శానిటైజర్‌లో కలపండి. నీళ్లలో కంటే ఇందులో రంగు బాగా దిగుతుంది. పొయ్యికి, దీపానికి దూరంగా ఉండి కలపండి, శానిటైజర్ అంటుకుంటుంది. తెల్లటి టిష్యూ కాగితానికి పూసి, నీడలో ఆరబెట్టి, వేలెడు పీలికలుగా కత్తిరించండి. పసుపు నికార్సైనది కావాలి. రంగు కలిపిన పొడి అయితే పరీక్ష తప్పుతుంది. కొమ్ములు కొని దంచుకుంటే ఏ అనుమానమూ ఉండదు.

    మూడు గిన్నెలు పెట్టుకోండి. ఒకదాంట్లో తమలపాకుకు వాడే సున్నం కలిపిన నీళ్లు, ఒకదాంట్లో మీరు మొక్కలకు పోసే నీళ్లు, మూడోదాంట్లో తొట్టిలో రాత్రంతా నిలిచిన నీళ్లు. మూడింట్లోనూ ఒక్కో పీలిక ముంచండి. సున్నం నీళ్లలోది క్షణంలో ఇటుక ఎరుపు తిరగాలి. తిరగకపోతే పీలికలే పనిచేయడం లేదు. తొట్టి నీళ్లలోది రెండో గిన్నెలో పీలికలాగే పసుపుగా మిగిలితే పని అయినట్టే. కొంచెం ఎరుపు జీర కనిపించినా ఇంకో మూడు రోజులు నీళ్లు మార్చండి. రెండో గిన్నె ఎందుకంటే, మన బోరు నీళ్లే చాలాచోట్ల కొంచెం క్షార గుణంతో ఉంటాయి. దాన్ని పక్కన పెట్టుకుని పోల్చకపోతే తొట్టిని అనవసరంగా అనుమానిస్తాం.

    మా ఇంట్లో మొదటి తొట్టికి ఈ పరీక్ష ఐదో రోజు చేస్తే పీలిక పారాణి రంగుకు వచ్చింది. తొమ్మిదో రోజుకు నారింజ, పదమూడో రోజుకు పసుపు పసుపుగానే ఉంది. మీ తొట్టికి ఇంకోలా ఉండొచ్చు. రోజులు లెక్కపెట్టడం కన్నా పీలికను నమ్మండి.

మట్టి, మొక్క

12. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన దిబ్బ ఎరువు లేదా వర్మికంపోస్టు ఒక పాలు, కడిగిన కోకోపీట్ ఒక పాలు కలపండి. తొట్టికి రెండు గుప్పెళ్ల వేపపిండి (నూనె తీసిన వేపగింజల పిండి) చాలు. ఉత్త నల్లరేగడి వేయకండి. తడిస్తే బరువు, ఎండితే బీటలు. కంతల మీద పెంకు ముక్కలు బోర్లించి, మట్టిని అంచుకు రెండు వేళ్లు తక్కువ దాకా నింపండి. మొక్క పెట్టేముందు ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. కాసేపట్లోనే కంతల్లోంచి కారడం మొదలవ్వాలి. కారకపోతే ఇప్పుడే విప్పి సరిచేయడం తేలిక.

13. తొట్టిని నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. కంతలు ఊపిరి తీసుకుంటాయి, మిద్దె మీద చెమ్మ నిలవదు, జెర్రులు చేరవు. మట్టి నింపక ముందే చోటు తేల్చుకోండి. నిండిన తొట్టిని లాగితే అడుగు చీలుతుంది.

ఈ తొట్టి లోపలి లోతు 16 సెంటీమీటర్లు. ఆకుకూరలకు ఇది చక్కగా సరిపోతుంది. పాలకూర నా మొదటి సిఫారసు. కాస్త సున్నం, కాస్త ఉప్పు ఉన్న నేలను కూడా అది తట్టుకుంటుంది. చుక్కకూర, మెంతి, తోటకూర, పుదీనా బాగా వస్తాయి. కొత్తిమీరను దసరా తర్వాతే వేయండి, ఎండాకాలంలో ఆకు పెట్టకుండానే పూతకు పోతుంది. టమాట, వంగ, బెండ పెట్టి చూస్తామంటారు. పెరుగుతాయి, కానీ వేళ్లకు చోటు చాలక కాపు నిరాశపరుస్తుంది. వాటికి ఇంతకు రెట్టింపు లోతు కావాలి.

పూలల్లో టేబుల్ రోజా, బిళ్ల గన్నేరు మన ఎండను ఇష్టంగా భరిస్తాయి. నీళ్లు పోయడానికి రోజూ తీరిక లేనివాళ్లు కలబంద, అడీనియం, నాగజెముడు జాతి చిన్న మొక్కలు పెట్టి, మధ్యలో పలుగురాళ్లు పరుచుకోండి. వాటికి పైన చెప్పిన మట్టి మిశ్రమంలో మూడో వంతు ముతక ఇసుక కలపాలి. ఇలాంటి తొట్టి చిన్న గుట్టలా కనిపిస్తుంది, నాకు ఆకుకూరల తొట్ల కన్నా అదే ముద్దు. అయితే గుట్టల మీద పెరిగే మొక్కలను పెరికి తెచ్చి పెట్టకండి. నర్సరీలో దొరికేవి చాలు.

గార్డెనియా, నూరువరహాలు, మల్లె లాంటివి ఈ తొట్లలో వద్దు. సున్నం ఎంత వదిలించినా గోడల్లో కొంత మిగులుతుంది. పైగా మన నీళ్లు కూడా అటువైపే. ఈ మొక్కలకు ఇనుము అందక కొత్త ఆకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి.

నీళ్లు

గోడలు చెమ్మను పీలుస్తాయి, వదులుతాయి. అందువల్ల వేళ్లు ప్లాస్టిక్ టబ్బులో కన్నా చల్లగా ఉంటాయి, నీళ్లు మాత్రం కాస్త ఎక్కువ కావాలి. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి. చెమ్మ తగలకపోతేనే పోయండి. మార్చి నుంచి జూన్ దాకా ఆకుకూరలకు పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పదు. 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టగలిగితే సగం కష్టం తగ్గుతుంది. ఆషాఢంలో ఆ నెట్టు చిరగకుండా గట్టిగా కట్టండి, లేదా కొన్నాళ్లు దించేయండి.

చెనక్కాయ పొట్టుకు పనుందన్నాను కదా, అది ఇక్కడే. మట్టి మీద రెండు వేళ్ల మందాన పరవండి. ఎండ నేరుగా తగలదు, చెమ్మ నిలుస్తుంది, ఏడాదికి మెల్లగా మట్టిలో కలుస్తుంది. గింజ మిగిలిన పొట్టైతే చీమలు, ఎలుకలు వస్తాయి, ఏరి వేయండి.

తాగునీళ్ల ఆర్‌ఓ యంత్రం పక్కకు వదిలేసే నీళ్లను వృథా పోనివ్వడం ఎందుకని తొట్లలో పోస్తుంటారు. ఆ మనసు మంచిదే. కానీ బోరు నీళ్లలోని ఉప్పంతా ఆ నీళ్లలోనే మిగిలి ఉంటుంది. వాటితో మిద్దె కడగండి, మొక్కలకు పోయకండి. బోరు నీళ్లు తప్ప వేరే దారి లేనివాళ్లు పదిహేను రోజులకొకసారి కంతల్లోంచి ధారగా కారేదాకా నీళ్లు పెట్టండి, పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. వాన వచ్చిన రోజు బకెట్లు బయట పెట్టి పట్టుకున్న నీళ్లు ఈ తొట్లకే ముందు వాడండి.

తరచూ వచ్చే ఫిర్యాదులు

*మర్నాటికే వెంట్రుకవాసి బీటలు.* త్వరగా ఎండింది, లేదా నీళ్లు ఎక్కువ పోశారు. బీట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోకపోతే, సిమెంటును నీళ్లలో పల్చగా కలిపి పూసి, గోనె చుట్టి తడుపుతూ ఉండండి. మామూలుగా నిలుస్తుంది.

*బయట గోడ మీద తెల్లటి పొడి.* సున్నం, ఉప్పు చెమ్మతో బయటికి వచ్చి ఎండినవి. మొక్కకు ప్రమాదం లేదు. పొడి బ్రష్‌తో దులపండి. నెలల తరబడి మందంగా వస్తుంటే మీ నీళ్లలో ఉప్పు ఎక్కువని అర్థం.

*నారు పెట్టిన వారానికి ఆకు అంచులు మాడాయి.* మట్టిలోంచి కారిన నీళ్లు గిన్నెలో పట్టి పసుపు పీలిక ముంచండి. ఎర్రబడితే మొక్కలు తీసి వేరే కుండీలోకి మార్చి, తొట్టిని మళ్లీ పదో మెట్టు నుంచి మొదలుపెట్టండి. ఎర్రబడకపోతే ఎరువు సరిగా మాగలేదేమో చూడండి. చేయి పెడితే మట్టి వెచ్చగా ఉంటే అదే కారణం.

*పెరుగు పూస్తే రాయి మీద నాచు పడుతుందట, మాకు పడలేదు.* మన గాలిలో ఆ చెమ్మ ఉండదు. వానాకాలంలో ఉత్తరం వైపు గోడ మీద దానంతట అదే కొంచెం పచ్చగా వస్తుంది, వేసవికి పోతుంది. పెరుగు వృథా చేయకండి.

*అంచు విరిగింది.* ముక్క పారేయకండి. రెండు పక్కలా బ్రష్‌తో రుద్ది, బాగా తడిపి, అదే పాళ్ల మిశ్రమంలో సిమెంటు కొంచెం పెంచి అతకండి. గోనె చుట్టి వారం తడపండి. ఆ వారం మట్టిలోకి కారే సున్నపు నీళ్లు మొక్క మొదట్లోకి పోకుండా అతుకు లోపలి వైపు ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టండి.